గుమ్మడిలో పిందెల పలుచన: ఏ పిందెను ఉంచాలి, ఏ పిందెను తీయాలి?

గుమ్మడి పాదుపై నిలిచిన పిందెను వేలెత్తి చూపితే అది కుళ్ళి రాలిపోతుందన్న నమ్మకం మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నది. చూపక తప్పనప్పుడు వేలు మడిచి చూపుతారు. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయడం సులభమే గాని, దాని వెనుక ఒక సరైన పరిశీలన దాగి ఉన్నది. గుమ్మడిలో పూసిన ప్రతి ఆడపువ్వూ కాయ కాదు. పువ్వు విప్పిన నాలుగైదు రోజులకే చాలా పిందెలు పసుపు రంగుకు తిరిగి, కొస నుండి మెత్తబడి రాలిపోతాయి. వేలు చూపినా చూపకపోయినా రాలవలసినవి రాలుతాయి. పిందె నిలిచిందని తొందరపడి లెక్క వేసుకోవద్దని పెద్దలు ఈ విధంగా చెప్పి ఉంటారని నా అభిప్రాయం. రాలేవి రాలిపోయిన తరువాత పాదుపై మిగిలిన పిందెలలో రైతు తన చేతితో తీసివేయవలసినవి ఏవి, ఉంచవలసినవి ఏవి, ఆ నిర్ణయం ఏ రోజున తీసుకోవాలి అన్నవి ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయాలు.

తాండూరు అనగానే మనకు కంది గుర్తుకు వస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కంది తన పూతలో అత్యధిక భాగాన్ని తానే రాల్చుకుంటుంది. ఏ కాయను నిలపాలో మొక్కే నిర్ణయించుకుంటుంది కనుక కంది రైతుకు పూత ఏరే పని లేదు. గుమ్మడి కూడా కొంతవరకు ఈ పని చేసుకుంటుంది గాని, అది తన విత్తనాల కోసం చేసుకునే లెక్కే తప్ప మన అంగడి కోసం చేసే లెక్క కాదు. మొక్కకు కావలసినది మొలకెత్తగల విత్తనాలు. మనకు కావలసినది బరువైన, గుండ్రని, నిల్వ ఉండే కాయ. ఈ రెండు అవసరాలూ కలవని చోటనే పిందెల పలుచన అవసరమవుతుంది.

వికారాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేలల్లోను, తాండూరు వైపు నల్లరేగడుల్లోను గుమ్మడి ప్రధాన పంటగా కనిపించేది తక్కువ. చేను గట్లపై, బావుల దగ్గర, పెరళ్ళలో, దిబ్బల పక్కన పాదులు పెట్టడమే వాడుక. తొలకరికి విత్తిన పాదు దసరా, దీపావళి నాటికి కాయనిస్తుంది. ఆలస్యంగా విత్తినది సంక్రాంతికి అందుతుంది. ఈ పండుగల రోజుల్లో పెద్ద కాయకు గిరాకీ ఉంటుంది కనుకనే రైతుకు కాయ పరిమాణంపై మక్కువ కలుగుతుంది. ఆ మక్కువ ఎంతవరకు లాభదాయకమో కూడా ఇక్కడ పరిశీలించాలి.

పలుచనకు ఆధారం

ఆకు ఆహారాన్ని తయారు చేసే స్థానం. కాయ, వేరు, తీగ కొస ఆ ఆహారాన్ని వినియోగించుకునే స్థానాలు. ఒక రోజులో ఆకులన్నీ కలిసి తయారు చేయగల పిండి పదార్థానికి ఒక హద్దు ఉన్నది. ఆ పదార్థం కోసం పాదుపై ఉన్న పిందెలన్నీ పోటీపడతాయి. ఈ పోటీలో అన్నింటికీ సమాన భాగం దక్కదు. ముందుగా నిలిచి, ఎక్కువ విత్తనాలతో ఎదుగుతున్న కాయ అధిక భాగాన్ని తన వైపు లాక్కుంటుంది. దాని తరువాత పూసిన పిందెలు ఆ ధాటికి తట్టుకోలేక రాలిపోతాయి, లేదా చిన్నవిగా మిగిలిపోతాయి. గుమ్మడికి దగ్గరి బంధువైన జుకినీ జాతిపై అమెరికాలో జరిగిన పరిశోధనలలో ఈ రెండు విషయాలూ స్పష్టమయ్యాయి. విత్తనాలు ఎక్కువగా ఏర్పడిన పిందె నిలిచే అవకాశం ఎక్కువ. అప్పటికే పెరుగుతున్న కాయ ఉన్న తీగపై కొత్త పిందె నిలిచే అవకాశం తక్కువ.

కాయ తొలి దశలో కణ విభజన ద్వారా ఎదుగుతుంది. పరాగ సంపర్కం జరిగిన తరువాత సుమారు పది పన్నెండు రోజులలో ఈ దశ చాలావరకు ముగుస్తుంది. అటుపైన ఏర్పడిన కణాలు నీటితో, చక్కెరలతో నిండి ఉబ్బడమే కాయ పెరుగుదల. అనుకూల పరిస్థితులలో నెల రోజులు తిరిగేసరికి కాయ పరిమాణంలో అధిక భాగం పూర్తవుతుంది. తరువాతి కాలమంతా తొక్క గట్టిపడటానికి, విత్తనం ముదరడానికి, గుజ్జులో తీపి చేరడానికి పడుతుంది. దీని నుండి తేలేదేమంటే, పలుచన వలన ప్రయోజనం ఉండాలంటే అది తొలి రెండు వారాలలోనే జరగాలి. కొబ్బరికాయంత అయిన తరువాత ఒక కాయను కోసివేస్తే దానిలోకి అప్పటికే చేరిన ఆహారం తిరిగి పాదుకు రాదు. మిగిలిన కాయలో కణాల సంఖ్య అప్పటికే స్థిరపడి ఉంటుంది కనుక దానికి కలిగే మేలు కూడా అంతంత మాత్రమే.

ప్రపంచ రికార్డు కాయల సంగతి

పిందెల ఎంపికను ఒక శాస్త్రంగా అభివృద్ధి చేసినవారు పోటీల కోసం భారీ గుమ్మడులను పెంచే పాశ్చాత్య దేశాల సాగుదారులు. 2025 అక్టోబరులో ఇంగ్లండుకు చెందిన కవల సోదరులు స్టువర్ట్, ఇయాన్ పాటన్ తూకం వేయించిన కాయ 1,278.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అంతకు ముందు రికార్డు 2023లో అమెరికాలో ట్రావిస్ గింజర్ పండించిన 1,247 కిలోల కాయది. ఈ కాయలన్నీ కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన రైతు హోవర్డ్ డిల్ రూపొందించిన ‘అట్లాంటిక్ జెయింట్’ వంశానివే. ఒక పాదుకు ఒకే కాయ ఉంచుతారు. తక్కిన ప్రతి పిందెనూ తీసివేస్తారు.

వీటి గురించి విన్న రైతులు మన పాదుపై కూడా ఒకే కాయ ఉంచితే అంత పెరుగుతుందా అని అడుగుతారు. పెరగదు. ఆ భారీ గుమ్మడి ‘కుకుర్బిటా మాక్సిమా’ జాతికి చెందినది. మన పెరళ్ళలో ఎక్కువగా ఉండేది ‘కుకుర్బిటా మాస్కేటా’. గుర్తించడం తేలిక. మన గుమ్మడి కాడ గట్టిగా, ఐదు కోణాలతో ఉండి కాయను అంటుకొనే చోట గంట అంచు వలె విచ్చుకొని ఉంటుంది. మాక్సిమా కాడ గుండ్రంగా, బెండు వలె మెత్తగా, లావుగా ఉంటుంది. ఈ కాడలోనే అసలు రహస్యం ఉన్నది. జెస్సికా సావేజ్, మిషెల్ హోల్‌బ్రుక్ తదితర శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో భారీ గుమ్మడులను అదే జాతికి చెందిన చిన్న కాయల రకాలతో పోల్చి చూశారు. భారీ రకాల ఆకులు చదరపు సెంటీమీటరుకు ఎక్కువ ఆహారాన్ని తయారు చేస్తున్నందువల్ల కాయ పెద్దదవడం లేదు. ఆకు నుండి కాయకు చక్కెరను చేరవేసే పోషక కణజాలం వాటిలో చాలా ఎక్కువగా ఉండటమే ముఖ్యమైన తేడాగా తేలింది. బావిలో నీరెంత ఉన్నా పైపు సన్ననిదైతే పొలానికి చేరేది కొంతే కదా. మన నాటు గుమ్మడి కాడ అనే పైపుకు ఉన్న హద్దును పిందెలు తీసివేయడం ద్వారా మార్చలేము. ఆ హద్దులోపల ఎంత చేరవచ్చో అంత చేరేటట్లు చూడటమే మనకు సాధ్యం.

అయినప్పటికీ ఆ సాగుదారుల పద్ధతిలో మనం స్వీకరించదగినది ఒకటి ఉన్నది. వారు కాయను ఏనాడూ ఆ రోజు కనిపించిన పరిమాణాన్ని బట్టి ఎంచుకోరు. పువ్వు విప్పిన తేదీని రాసి పెట్టుకొని, ఒకే వయసులో ఏ పిందె ఎంత ఉన్నదో పోల్చి చూస్తారు.

ఎన్ని ఉంచాలి?

ఏది ఉంచాలన్న ప్రశ్న కంటే ముందు ఎన్ని ఉంచాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. గుమ్మడికాయలో పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళకు పైగా నీరే. ఒక పాదు ఆకులు తమ జీవితకాలంలో కాయలకు 1.2 కిలోల పొడి పదార్థం ఇవ్వగలవని, కాయలో పొడి పదార్థం 8 శాతమని అనుకుందాం. అప్పుడు ఆ పాదు మోయగల మొత్తం కాయ బరువు 15 కిలోలు. మూడు కాయలు ఉంచితే ఒక్కొక్కటి 5 కిలోలు వస్తుంది. ఒక్కటే ఉంచితే 15 కిలోలు రాదు. కాడ, రకం విధించే హద్దు వలన 9 కిలోల దగ్గర ఆగిందనుకుందాం. మిగిలిన ఆహారం తీగ పెరుగుదలకు, కొత్త పూతకు మళ్ళిపోతుంది. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. పొలాన్ని బట్టి మారుతాయి గాని, లెక్క నడిచే తీరు మారదు. పలుచన వలన కాయ బరువు పెరుగుతుంది, పాదు మొత్తం దిగుబడి తగ్గుతుంది.

ఇప్పుడు ధర చూడాలి. కిలో 12 రూపాయల చొప్పున మూడు కాయలకు 180 రూపాయలు వస్తాయి. ఆ ఒక్క తొమ్మిది కిలోల కాయకు అదే 180 రావాలంటే కిలో 20 రూపాయలు పలకాలి. బోయిన్‌పల్లి మార్కెట్టుకు బస్తాల లెక్కన తూకానికి పోసే రైతుకు ఈ తేడా ధర దొరకదు. పైగా పట్నంలో ఇద్దరు ముగ్గురు ఉన్న కుటుంబాలు చిన్న కాయను, లేదా కోసిన ముక్కను కొంటాయి. అందువల్లనే పరిశోధనా సంస్థలు కూడా చిన్న కాయల రకాల వైపు మొగ్గాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క చందన్ కాయ 2 నుండి 3 కిలోలు ఉంటుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు కో-1 రకంలో 7 నుండి 8 కిలోల కాయలు వస్తే, తరువాత వచ్చిన కో-2లో కాయ ఒకటిన్నర నుండి రెండు కిలోలే.

కావున తూకానికి అమ్మే రైతు ఆరోగ్యమైన పాదుకు మూడు నాలుగు కాయలు ఉంచి, వంకర పిందెలు, పురుగు పట్టిన పిందెలు మాత్రం తీసివేస్తే చాలు. పండుగకు కాయ లెక్కన అమ్మదలచినవారు, దేవాలయాలకు, శుభకార్యాలకు ముందే మాట తీసుకున్నవారు ఒకటి రెండు కాయలకు తగ్గించవచ్చు. ఊరిలో అందరికంటే పెద్ద కాయ తీయాలన్న ముచ్చట కోసం ఒక పాదును కేటాయించడం తప్పు కాదు. కాని తోటంతా ఒక్కో కాయకు తగ్గించడం నా దృష్టిలో వృథా ప్రయాస.

ఈ సందర్భంలో మరొక మాట. రెండు నుండి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 నుండి 4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే పాదు జాతి కూరగాయలలో ఆడపూలు పెరుగుతాయన్న సిఫారసు చాలామంది రైతులకు తెలిసినదే. ఆడపూలు పెరిగితే ఎంపికకు అవకాశం పెరుగుతుంది. కాని ఆకుల సంఖ్య పెరగదు. పెరిగిన పూతనంతా కాయలుగా నిలపాలని చూడటం లెక్క తెలియని పని.

పూత రోజునే మొదలయ్యే ఎంపిక

ఆడపువ్వు అడుగున గోలీకాయ పరిమాణంలో చిన్న గుమ్మడి ఆకారం ఉంటుంది. మగపువ్వు సన్నని పొడవాటి కాడపై నిలిచి ఉంటుంది, అడుగున ఏమీ ఉండదు. రెండూ తెల్లవారుజామున విప్పి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. తేనెటీగలు తిరిగే ఆ కొద్ది గంటలలోనే కాయ భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది. కీలాగ్రంపై పుప్పొడి అన్ని వైపులా సమంగా పడితే విత్తనాలు అన్ని గదులలోను ఏర్పడి కాయ గుండ్రంగా ఎదుగుతుంది. ఒక వైపు సరిగా పడకపోతే ఆ వైపు విత్తనాలు తగ్గి, కాయ ఆ పక్క నొక్కుకుపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో, పురుగుమందు చల్లిన మరునాడు తేనెటీగలు రావు. అటువంటప్పుడు ఉదయం ఆరు నుండి తొమ్మిది గంటల లోపల మగపువ్వును తెంచి, రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రంపై చుట్టూ అద్దాలి. ఒక ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడటం మంచిది.

తొలకరి గుమ్మడి పూత చివరి భాగం బతుకమ్మ రోజులతో కలుస్తుంది. గుమ్మడి పూలు, ఆకులు బతుకమ్మకు కావలసినవే. పిల్లలు పాదుల మీద పడి పూలు కోస్తుంటే వద్దనే రైతు ఉండడు, ఉండకూడదు కూడా. మగపూలు అవసరానికి మించి పూస్తాయి కనుక వాటిని కోసుకోనివ్వవచ్చు. అడుగున పిందె ఉన్న పువ్వును ముట్టవద్దని, ప్రతి పాదుపై నాలుగైదు మగపూలు వదలమని చెబితే చాలు. ఆకులు మాత్రం పిందె ఉన్న కణుపు దగ్గరివి కోయనివ్వరాదు. ఆ కాయకు ఆహారం అందించేది ప్రధానంగా ఆ చుట్టుపక్కల ఆకులే.

పువ్వు విప్పిన రోజునే ఆ కణుపు వద్ద ఒక గుడ్డపేలిక వదులుగా కట్టి, దానిపై తేదీ రాయాలి. రాయడం వీలుకానివారు వారానికొక రంగు పేలిక వాడవచ్చు. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, ఇది లేకుండా మిగిలిన ఎంపిక అంతా కంటి అంచనాయే అవుతుంది.

ఏ పిందెను ఉంచాలి?

మొదట స్థానం. వేరుకు దగ్గరగా, తొలి కణుపులలో నిలిచిన పిందెపై రైతుకు సహజంగానే మమకారం ఉంటుంది. అది తొలి కాపు. కాని అప్పటికి పాదుకు ఆకులు చాలవు. ఆ పిందె ఆహారాన్ని తన వైపు లాక్కొని తీగ పెరుగుదలను కుంటుపరుస్తుంది, తాను కూడా పెద్దది కాదు. పెద్ద కాయ కోరేవారు మొదటి పిందెను తీసివేసి, ప్రధాన తీగపై వేరు నుండి సుమారు రెండు నుండి మూడు మీటర్ల దూరంలో నిలిచే పిందెల కోసం వేచి ఉండాలి. భారీ గుమ్మడి సాగుదారులు మూడు మీటర్లు దాటిన తరువాతనే ఉంచుతారు. మన పాదులు అంత విస్తరించవు కనుక మనకు అంత దూరం అవసరం లేదు. పక్క తీగల కొసన ఆలస్యంగా నిలిచిన పిందెలను మొదటే తీసివేయవచ్చు.

రెండవది కాడ. లావైన, నిటారుగా పెరిగిన కాడ ఉన్న పిందె మేలు. కాడ తీగకు ఇంచుమించు లంబంగా ఉండాలి. తీగకు ఆనుకొని ఇరుకు కోణంలో ఉన్న పిందె ఎదిగే కొద్దీ దాని భుజం తీగను నెడుతుంది. అప్పుడు కాడ చీలడమో, తీగ మడత పడడమో జరుగుతుంది. ఇరుకు కోణంలో ఉన్నా మంచి పిందె అనిపిస్తే తొలి వారంలో, ఎండకు తీగ కాస్త వాలి మెత్తబడిన మధ్యాహ్నం పూట, రోజుకు కొద్దికొద్దిగా జరిపి సరిచేయవచ్చు. ఉదయం పూట తీగ నీటితో బిగిసి ఉంటుంది. అప్పుడు జరిపితే పుటుక్కున విరుగుతుంది. కణుపుల వద్ద తీగ నేలలోకి వేర్లు దించుతుంది. ఆ వేర్లు పాదుకు మేలే గాని, కాయకు అటూ ఇటూ ఉన్న ఒకటి రెండు కణుపుల వద్ద వాటిని తెంచితే కాయ ఎత్తు పెరిగినప్పుడు తీగ దానితోపాటు లేవగలుగుతుంది.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, ఎదుగుదల వేగం. ఒక దారంతో పిందె నడుమును చుట్టి కొలవాలి. ఉదాహరణకు ఒక తీగపై రెండు పిందెలు ఉన్నాయి. ఈ రోజు మొదటిదాని చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, రెండవదానిది 26. కంటికి మొదటిదే మేలుగా కనిపిస్తుంది. పేలికలు చూస్తే మొదటిది పువ్వు విప్పి పన్నెండు రోజులు, రెండవది తొమ్మిది రోజులు. మూడు రోజులు ఆగి కొలిస్తే రెండవది 34 సెంటీమీటర్లకు వచ్చింది. అంటే పన్నెండవ రోజున మొదటిది 30 ఉంటే రెండవది 34 ఉన్నది. ఉంచవలసినది రెండవదే. చుట్టుకొలతలో ఈ నాలుగు సెంటీమీటర్ల తేడా చిన్నదిగా భావించరాదు. కాయ బరువు చుట్టుకొలత ఘనాన్ని అనుసరిస్తుంది. చుట్టుకొలత పది శాతం ఎక్కువైతే బరువు 33 శాతం ఎక్కువవుతుంది. పై ఉదాహరణలో 13 శాతం తేడా బరువులో సుమారు 45 శాతం తేడాకు సమానం.

ఆకారం నాలుగవది. పదవ రోజుకే ఒక పక్క నొక్కుకుపోయిన పిందె తరువాత సర్దుకోదు. పిందె తొక్కపై జిగురు బొట్టు కనిపిస్తే పండు ఈగ గుడ్లు పెట్టిన గుర్తు. అది ఎంత పెద్దదైనా తీసివేయవలసినదే. ఇక భారీ గుమ్మడి సాగుదారులు ఆడపువ్వు కీలాగ్రంలో ఎన్ని తమ్మెలు ఉన్నాయో కూడా లెక్కపెడతారు. నాలుగైదు ఉన్న పువ్వు కాయ పెద్దదవుతుందని వారి నమ్మకం. మన గుమ్మడిలో సాధారణంగా మూడే ఉంటాయి కనుక ఈ గుర్తుకు నేను విలువ ఇవ్వను.

తొందరపాటు, ఆలస్యం

నేను కొత్తగా ఈ పని చేసిన రోజుల్లో ఐదవ రోజునే మంచిదనిపించిన ఒక్క పిందెను ఉంచి, తక్కినవన్నీ తీసివేయించాను. పది రోజులకు ఆ ఒక్కదానిలో పండు ఈగ పురుగులు కనిపించాయి. అప్పటికి తీగ ముదిరింది, తరువాతి పిందెలు ఏవీ నిలవలేదు. పాదు ఇచ్చిన రైతు నన్ను ఒక్క మాట అనలేదు గాని, మరుసటి సంవత్సరం ఆయన చేను వైపు వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పటి నుండి మూడు మెట్లలో తీయమని చెబుతున్నాను. పువ్వు విప్పిన ఐదారు రోజులకు, సహజంగా రాలేవి రాలిన తరువాత, వంకరవి, పక్క తీగల కొసన ఉన్నవి తీసివేయాలి. తొమ్మిది, పది రోజులకు కొలతలు చూసి, ఉంచదలచిన సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా ఉంచాలి. పద్నాలుగవ రోజు ప్రాంతంలో ఆ అదనపు పిందె విషయం తేల్చాలి. ఆ ఒక్క పిందె నాలుగైదు రోజులు అదనంగా తినే ఆహారం మనం కట్టే బీమా వంటిది. పాదు మొత్తానికి అది పెద్ద ఖర్చు కాదు.

నేలను బట్టి మార్పు

పై సూచనలను వికారాబాద్‌లోను, తాండూరులోను ఒకే విధంగా అమలు చేయరాదు. అనంతగిరి చుట్టుపక్కల ఎర్ర గరప నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది, నిల్వ ఉండదు. ఆగస్టులో పది పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే నీటి వసతి లేని పాదు వాడిపోతుంది, కొత్త పిందెలు నిలవవు. అటువంటి చోట వేరుకు దగ్గరగా ఉందన్న కారణంతో తొలి పిందెను తీసివేయడం ప్రమాదకరం. చేతికి వచ్చేది అదొక్కటే కావచ్చు. వర్షాధారపు ఎర్ర నేలల్లో మొదటి పిందెను రెండవ పిందె పదవ రోజు దాటే వరకు ఉంచాలి. రెండవది నిలదొక్కుకున్నదని తేలిన తరువాతనే మొదటిదానిని కూరకు కోసుకోవాలి. డ్రిప్పు ఉన్నవారికి ఈ భయం లేదు.

తాండూరు నల్లరేగడిలో చిక్కు వేరు. ఈ నేల నీటిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది కనుక ఆకులు విస్తారంగా వస్తాయి, పాదు ఎక్కువ కాయలను మోయగలదు. కాని బెట్ట తరువాత సెప్టెంబరులో ఒకేసారి పెద్ద వాన పడితే కాయలోకి నీరు ఒక్కుమ్మడిగా చేరి తొక్క పగులుతుంది. తీగపై ఒకే కాయ ఉన్నప్పుడు ఆ ఒత్తిడంతా దానిపైనే పడుతుంది. అందువలన రేగడిలో పెద్ద కాయ కోరేవారు కూడా రెండు కాయలు ఉంచడం క్షేమం. బెట్ట సమయంలో వీలైతే పలుచగా ఒక తడి ఇచ్చి నేల పూర్తిగా ఎండి నెర్రెలు విచ్చకుండా చూడాలి.

తడిసిన రేగడి మట్టి కాయ అడుగు భాగానికి అంటుకొని ఉంటే కుళ్ళు మొదలవుతుంది. తాండూరులో నాపరాతి ముక్కలకు కొరత లేదు. పాలిషింగు యూనిట్ల దగ్గర గుట్టలుగా పడి ఉంటాయి. అరచేయి కంటే కాస్త పెద్ద ముక్కను, పిందె దోసిలి నిండేంత కాకముందే దాని కింద అమర్చాలి. కాయ బరువెక్కిన తరువాత ఎత్తి అమర్చబోతే కాడ విరుగుతుంది. డిసెంబరు, జనవరిలో విత్తిన వేసవి పంటలో రాయి ఎండకు కాలుతుంది కనుక దానిపై బెత్తెడు మందాన ఎండుగడ్డి పరవాలి. వేసవి పంటలో పిందెను ఎంచుకునేటప్పుడు పైన ఆకు నీడ ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలి. ఏప్రిల్ ఎండ నేరుగా పడిన కాయ తొక్క తెల్లబారి, ఆ చోట మెత్తబడుతుంది.

మొజాయిక్ తెగులు సోకి ఆకులు ముడుచుకున్న పాదుపై పిందెలను ఎంచుకుంటూ కూర్చోనవసరం లేదు. ఆ పాదును పీకి కాల్చివేయాలి.

బూడిద గుమ్మడి వేరే ప్రజాతికి చెందినదైనా స్థానం, కాడ, ఎదుగుదల వేగం గురించి చెప్పినవి దానికీ వర్తిస్తాయి. అయితే ఇంటి ముందు కట్టడానికి, గృహప్రవేశాలకు కొనేవారు మధ్యస్థమైన కాయనే అడుగుతారు కనుక దానిలో పలుచన చేసి పరిమాణం పెంచవలసిన అవసరం అరుదు. వడియాల కోసం పండించేవారికి కాయల సంఖ్య కంటే మొత్తం బరువే ముఖ్యం.

తీసే పద్ధతి

పిందెను చేతితో మెలిపెట్టి లాగరాదు. తీగ పొర చీలి, ఆ గాయం గుండా తెగుళ్ళు ప్రవేశిస్తాయి. పదునైన కత్తితో కాడను రెండు వేళ్ళ పొడవు వదలి కోయాలి. ఆ ముక్క నాలుగైదు రోజులలో ఎండి దానంతట అదే ఊడిపోతుంది. కోత పొడి వాతావరణంలో, మంచు ఆరిన తరువాత చేయాలి. ఒక పాదు నుండి మరొక పాదుకు వెళ్ళేటప్పుడు కత్తిని శుభ్రపరచాలి.

తీసిన పిందెలలో ఆరోగ్యమైనవి పది రోజుల లోపువైతే లేత కూరకు పనికివస్తాయి. ఇటీవల మందు చల్లి ఉంటే మాత్రం వాడరాదు. పండు ఈగ ఆశించినవాటిని చేను గట్టుపైకి విసిరివేయడం మన దగ్గర తరచుగా కనిపించే పొరపాటు. వాటిలోని పురుగులు నేలలోకి దిగి, కోశస్థ దశ గడిపి, పది పదిహేను రోజులలో ఈగలుగా మారి మనం ఎంచి నిలిపిన పిందెపైకే వస్తాయి. అటువంటివాటిని మోకాలి లోతు గుంతలో పూడ్చి, పైన మట్టిని తొక్కాలి. లేదా ప్లాస్టిక్ సంచిలో మూతి గట్టిగా కట్టి, వారం రోజులు ఎండలో ఉంచిన తరువాత పెంటకుప్పలో వేయాలి.